ఉప్పుగాలిలో ఇనుము

శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఎండ ఎంత మండితే ఉప్పు పంట అంత బాగుంటుంది. సముద్రపు నీటిని మళ్లలోకి ఎక్కించి, ఆరబెట్టి, గట్ల మీద తెల్లటి కుప్పలు పోసే పని అక్కడ తరాలుగా సాగుతోంది. ఉప్పు ఆ మళ్లలోనే ఆగిపోతే ఏ గొడవా లేకపోను. కెరటం విరిగినప్పుడల్లా లేచే సన్నటి తుంపర గాలిలోనే ఆరిపోయి, కంటికి కనపడని రేణువులుగా మారి ఊళ్ల మీదికి వచ్చేస్తుంది. భావనపాడు నుంచి పలాస జీడితోటల దాకా, జాతీయ రహదారి పక్కనున్న నిమ్మాడ దాకా దాని జాడలు వెతక్కుండానే దొరుకుతాయి. కిటికీ ఊచల కింద ఎర్రటి చారలు, బిగుసుకుపోయిన గొళ్లెం, కిర్రుమనే సైకిలు చైను, రేకుల కప్పు మీద మేకు తలలు. తీరానికి దగ్గరయ్యే కొద్దీ తుప్పుకి తొందరెక్కువ. లోపలికి వచ్చే కొద్దీ తగ్గుతుంది కానీ పూర్తిగా వదలదు.

ఇలాంటి గాలిలోకి ఒక గోల్ఫ్ సంచి వచ్చిందనుకుందాం. ఈ తీరపు తోటల ప్రాంతమైన ఉద్దానం నుంచి బతుకుతెరువు కోసం వెళ్లినవాళ్లు హైదరాబాదులోనూ విశాఖలోనూ ఉన్నారు, గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు ఆఫీసు స్నేహితుల వెంట మైదానానికి వెళ్లి ఆ ఆట రుచి మరిగి, సెలవులకి వస్తూ కర్రల సంచి కూడా తెచ్చుకుంటే, అది పెంకుటింటి మూల గదిలో ధాన్యం బస్తాల పక్కన నిలబడుతుంది. నిమ్మాడ చుట్టుపక్కల ఆడుకోవడానికి గోల్ఫ్ మైదానం లేదు. అందుబాటులో ఉన్నది విశాఖపట్నం ముడసర్లోవలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. అక్కడికి వెళ్లేదాకా సంచి ముడి విప్పరు. మళ్లీ విప్పేసరికి మెరిసిన ఐరన్ల (లోహపు తలల కర్రల) మీద గోధుమరంగు చుక్కలు, చేతికి జిగటగా తగిలే రబ్బరు గ్రిప్పులు, బూజు వాసన కొట్టే చేతితొడుగు.

వాడితే అరుగుతాయి గానీ వాడకుండా దాచినవి ఎందుకు పాడవుతాయి అన్న అనుమానం సహజం. మామూలు ఉప్పుకి ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది తనంత తానే నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. కోస్తాలో ఏడాదిలో చాలా రాత్రులు తేమ ఆ గీత దాటుతుంది. అంటే ఇనుము మీద కూర్చున్న ఉప్పు దుమ్ము ప్రతి రాత్రీ ఒక పల్చటి ఉప్పునీటి పొరగా మారుతుంది, ఎండెక్కాక ఆరుతుంది, మళ్లీ రాత్రికి తడుస్తుంది. ఉక్కు మీద క్రోమియం కట్టుకునే రక్షణ పొరను పొడిచి కన్నాలు పెట్టేది ఆ ఉప్పులోని క్లోరైడే. స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదనే భరోసా సముద్రపు ఒడ్డున పనిచేయకపోవడానికి కారణం ఇదే. వారానికోసారి ఆడి, తుడిచి పెట్టుకునేవాడి కర్రల మీద ఉప్పు నిలవదు. ఆడనివాడి కర్రల మీద నెలల తరబడి పేరుకుంటుంది.

గోల్ఫ్ సంచిలో ఉండేదంతా ఒకే లోహం కూడా కాదు. దూరం కొట్టే డ్రైవర్ తల ఎక్కువగా టైటానియం, దానికి తుప్పు భయం లేదు. ఐరన్లు రెండు రకాలు. పోతపోసినవి సాధారణంగా స్టెయిన్‌లెస్. సాగగొట్టి చేసినవి మెత్తని కార్బన్ ఉక్కు, పైన నికెల్, క్రోమియం పూత. ఏ రాయికో తగిలి ఆ పూత సూదిమొనంత లేచిందంటే చాలు, తుప్పు అక్కడ దిగి పూత కింద నుంచి పాకుతుంది. దగ్గరి నుంచి బంతిని ఎత్తి వేసే వెడ్జ్‌లలో కొన్నింటికి అసలు పూతే ఉండదు, కావాలనే పచ్చి ఉక్కుతో వదిలేస్తారు. కర్ర కాండం ఉక్కుదైతే లోపల గొట్టం బోలుగా ఉంటుంది, గ్రిప్ చివర చిన్న కన్నం ఉంటుంది. కడిగేటప్పుడు అందులోంచి నీళ్లు దిగితే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, పైకి ఏమీ తెలియదు.

విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్ 1884లో మొదలైంది. రైలు బండి విశాఖకి రాకముందే అక్కడ వాల్తేరు దొరలు గోల్ఫ్ ఆడారన్నమాట. దేశంలో ఈ ఆట అంతకంటే పాతది. కలకత్తాలో 1829లో పెట్టిన క్లబ్ బ్రిటిష్ దీవుల బయట అన్నిటికన్నా పాత గోల్ఫ్ క్లబ్బుగా లెక్క. వాల్తేరు దొరల కాలపు సరంజామా మన వాతావరణానికి బొత్తిగా పనికిరానిది. కర్ర కాండం హికరీ చెక్క. వానకి ఉబ్బుతుంది, ఎండకి వంకర పోతుంది. పట్టుకునే చోట తోలు చుట్టు. బంతి గట్టా పెర్చా అనే చెట్టుపాలతో చేసింది, వేడికి మెత్తబడుతుంది. ఇనుప తలకి ఏ పూతా లేదు. ఆట అయ్యాక ఇనుప తలను ఉప్పుకాగితం లాంటి ఎమరీ గుడ్డతో తోమి నూనె రాయడం రోజువారీ పని, అది చేసేది ఆడినవాడు కాదు. ఏళ్ల తరబడి అలా తోమితే తుప్పుతో పాటు ఇనుమూ పోతుంది. పాత కర్రలు సేకరించేవాళ్లు ఇవాళ కొత్తవారికి చెప్పే మొదటి మాట, దొరికిన దాన్ని మెరిసేలా తోమొద్దనే.

దూరం కొట్టే కర్రల తలలు అప్పట్లో చెక్కవి. వాటికి బాగా పేరొచ్చిన చెక్క అమెరికాలో పెరిగే పెర్సిమన్. మన్యంలో బీడీ ఆకు కోసే తునికి చెట్టుదీ అదే ప్రజాతి, డయోస్పైరస్. రెండిటి చెక్కా గట్టి, బరువు. ఆ తలలకి మెరుగునూనె పూసి, వాన తగలకుండా గుడ్డ తొడుగు వేసి కాపాడుకునేవారు. 1980లలో లోహపు తలలు వచ్చి చెక్కను పక్కకు నెట్టేసినా తొడుగు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ తొడుగే ఒక్కోసారి హాని చేస్తోంది. తడి తలకి తొడుగు వేసి మూసేస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి ఉండదు. ఆరాక వెయ్యాలి.

ఉక్కు కాండాలకు ఆట నిబంధనలు చూసే స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పెద్దలు 1929లో అనుమతి ఇచ్చారు. హికరీ పోయింది, వానకి ఉబ్బే బెడదా పోయింది, తుప్పు వచ్చి చేరింది.

మెరుపుకి కాదు, ఆటకి

కర్రలు శుభ్రంగా ఉంచుకోవడం పెళ్లిచూపుల ముస్తాబు కాదు, అందులో లెక్క ఉంది. ఐరన్, వెడ్జ్ ముఖాల మీద అడ్డంగా సన్నటి గాడులు కనిపిస్తాయి. అవి బంతిని గీరి తిప్పడానికే అని చాలామంది అనుకుంటారు. పొడి బంతిని పొడి ముఖంతో కొట్టినప్పుడు గాడుల పాత్ర అనుకున్నంత ఉండదు. గడ్డిలోంచి, మంచు తడిలోంచి కొట్టినప్పుడే వాటి పని. ముఖానికీ బంతికీ మధ్య నలిగే గడ్డిరసాన్ని, నీటిని పక్కకి తీసుకుపోవడం వాటి కొలువు, లారీ టైరు మీది గాడులు రోడ్డు నీటిని తోసేసినట్టు. ఆ గాడుల్లో ఎండిన మట్టి కూరుకుపోయిందంటే నీరు పోయే దారి మూసుకుపోతుంది. బంతి ముఖం మీద జారుతుంది, వెనక్కి తిరగాల్సినంత తిరగదు, గుంట చుట్టూ ఉండే గ్రీన్ మీద పడి ఆగాల్సింది దొర్లుకుంటూ అవతలికి పోతుంది. ఆడేవాడు తన చేతిని తిట్టుకుంటాడు. తప్పు రెండు వారాల నాటి బురదది.

గాడుల శక్తి ఎంతటిదో ఆట పెద్దలకూ తెలుసు. అందుకే 2010 నుంచి పెద్ద టోర్నీల్లో గాడి లోతు, వెడల్పు, అంచు పదును మీద కట్టడి పెట్టారు. పాత వెడ్జ్‌ల గాడులకి మళ్లీ పదును పెట్టే చిన్న పనిముట్లు ఇంటర్నెట్‌లో అమ్ముతుంటారు. స్నేహితులతో సరదాగా ఆడుకునేవాళ్లు ఏం చేసినా అడిగేవారు లేరు. పోటీకి వెళ్లేవాళ్లు వాటి జోలికి పోకపోవడం మంచిది. గీరిన గాడి హద్దు దాటితే ఆ కర్ర ఆటకే పనికిరాదు.

నిబంధనల పుస్తకంలో శుభ్రత గురించి ఇంకో మంచి ముక్క ఉంది. కొట్టే తీరు మారేలా కర్ర తలకి ఏ పదార్థమూ పూయకూడదు, శుభ్రం చేయడానికి వాడేది తప్ప. జిడ్డు పూస్తే నేరం, కడిగితే హక్కు. ఆ హక్కుని చాలామంది వాడుకోరు.

వాడుకునేవాళ్ల తరఫున ఆ పని చేసేది సంచి మోసే క్యాడీ. ప్రతి దెబ్బ తర్వాతా కర్ర చేతికి తీసుకుని, తువ్వాలు తడి కొసతో ముఖం తుడిచి, పొడి కొసతో ఒత్తి, సంచిలో దాని అరలో పెట్టేస్తాడు. పద్దెనిమిది హోల్స్ పూర్తయ్యేసరికి ఆ పని ఎన్నిసార్లు చేశాడో ఎవరూ లెక్కపెట్టరు. మన దేశంలో గోల్ఫ్ డబ్బున్నవాళ్ల ఆటగా ఉండిపోయింది. లక్ష రూపాయలు దాటే కర్రల సెట్టు మామూలు మాట. ఆ సెట్టు నాణ్యత ఎరిగిన చేతులు మాత్రం చాలాచోట్ల జీతగాళ్లవి. 1991లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ క్యాడీగా బతుకు మొదలుపెట్టినవాడే. అంతకుముందు 1965లో అమెచ్యూర్ పి.జి. సేఠీ ఆ టోర్నీ గెలిచారు, ప్రొఫెషనల్స్‌లో మాత్రం అలీ షేరే తొలి భారతీయుడు. 1993లో మళ్లీ గెలిచాడు. ఇతరుల కర్రలు తుడుస్తూ వాటి బరువు, వంపు, మోత చదివిన చదువు ఏ అకాడమీ ఫీజుకీ దొరకదు.

అర బకెట్ నీళ్లు

ఇంట్లో చేసుకునే పద్ధతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లు అర బకెట్, గిన్నెలు తోమే సబ్బు ద్రవం నాలుగు చుక్కలు, పాత టూత్‌బ్రష్, రెండు నూలు తువ్వాళ్లు. ఐరన్ల తలలు మాత్రమే నీళ్లలో మునగాలి. తలా కాండం కలిసే చోట చిన్న నల్లటి ప్లాస్టిక్ కట్టు ఉంటుంది, నీళ్లు దాన్ని అంటకూడదు. అయిదు నిమిషాలు నానితే ఎండిన మట్టి దానంతట అదే వదులవుతుంది. అప్పుడు బ్రష్‌తో గాడుల వెంట అడ్డంగా తోమాలి. నానకముందే పొడి గుడ్డతో బలంగా రుద్దడం అందరూ చేసే పొరపాటు. ముఖం మీద ఉన్నది మెత్తటి మట్టి కాదు, ఇసుక. పొడిగా రుద్దితే ఆ ఇసుకే పూతను గీరుతుంది.

డ్రైవర్, ఫెయిర్‌వే ఉడ్‌లను నీళ్లలో ముంచకూడదు. వాటి తల లోపల బోలు. తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ వెయ్యాలి. కార్బన్ కాండాలకు లోహపు బ్రష్ తగలనివ్వకూడదు. పొర మీద పడిన చిన్న గీత దగ్గరే ఒకనాడు పటుక్కున విరగొచ్చు. బంతిని గుంటలోకి దొర్లించే పట్టర్‌కి గాడుల గొడవ తక్కువైనా ముఖం మీద మట్టి బిళ్ల ఉంటే బంతి దారి తప్పుతుంది, తుడిస్తే చాలు.

తోమడం అయ్యాక చివరి కడుగు మంచినీళ్లతో. తీరం పక్క చాలా ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే పోయిన ఉప్పు తిరిగి వచ్చినట్టే. ఇక్కడ ఒక మాట అనక తప్పదు. కిడ్నీ జబ్బులతో కుంగిపోయిన ఉద్దానం మంచినీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చే పథకం మొదలైంది 2023 డిసెంబరులోనే. అలాంటి చోట పైపు పెట్టి గోల్ఫ్ కర్రలు కడగడం చూసేవాళ్లకి కంటగింపే. అవసరం కూడా లేదు. సెట్టంతటికీ అర బకెట్ చాలు, చివరికి ఒక చెంబుతో తొలిపితే సరి.

ఆరబెట్టడం కడగడం కంటే ముఖ్యం. గోడకి చేర్చి, నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టాలి. పూర్తిగా ఆరాక పూత లేచిన చోట్ల, పచ్చి ఉక్కు వెడ్జ్‌ల మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేలితో రాసి, మళ్లీ గుడ్డతో తీసేసినట్టుగా తుడవాలి. జిడ్డు కంటికి కనిపించిందంటే ఎక్కువైనట్టే, దుమ్ము పట్టేస్తుంది. పైగా ఆడబోయే ముందు ముఖం మీద నూనె లేకుండా చూసుకోకపోతే పైన చెప్పిన నిబంధన గుర్తొస్తుంది.

ఇత్తడి బిందెల మెరుపు ఎరిగిన ఇళ్లలో చింతపండు, ముగ్గు, ఇటుకపొడి మీదికి చెయ్యి పోతుంది. గోల్ఫ్ కర్రల దగ్గర ఆ చెయ్యి ఆగాలి. పులుపు ఇత్తడికి మంచిదే, పూత చిట్లిన ఉక్కుకి కాదు. ఇటుకపొడి పూతనే లేపేస్తుంది.

గ్రిప్పుల సంగతి చాలామంది వదిలేస్తారు. ఒంటి చెమటలోనూ ఉప్పే, దానికి తోడు చేతి జిడ్డు, ఎండకి పూసుకునే క్రీము. ఈ మూడూ రబ్బరు మీద పేరుకుంటే గ్రిప్ గాజులా నున్నబడుతుంది. జారుతుందన్న భయంతో వేళ్లు బిగుస్తాయి, మణికట్టు బిర్రబిగుస్తుంది, కొట్టే తీరే మారిపోతుంది. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెడితే పట్టు తిరిగొస్తుంది. నున్నదనం పోకపోతే మార్చేయడమే. తరచూ ఆడేవాళ్లు ఏడాదికొకసారి కొత్తవి వేయించుకుంటారు, కొత్త డ్రైవర్ కొనడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. చేతితొడుగు సన్నటి గొర్రెతోలు. ఆట అయ్యాక నలిపి ప్యాంటు జేబులో కుక్కితే చెమటతోనే ఎండి అట్టముక్క అవుతుంది. వేళ్లు సాపుచేసి నీడలో ఆరెయ్యాలి. బూట్లకీ ఎండ పనికిరాదు. లోపల పాత పత్రిక ఆదివారం అనుబంధం ఉండచుట్టి పెడితే చెమ్మ లాగేస్తుంది, ఆ కాగితానికి అంతకంటే సద్వినియోగం ఏముంది.

కారు డిక్కీ గురించి విడిగా చెప్పాలి. కర్ర తలను కాండానికి అంటించేది ఎపాక్సీ జిగురు. మే నెల ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ పొయ్యిలా కాగుతుంది. అలా రోజూ కాగి చల్లారితే జిగురు పట్టు సడలుతుంది. కట్టు కిందికో పైకో జారడం దాని మొదటి గుర్తు, తల లోపల గలగలమనడం రెండోది, కొట్టినప్పుడు బంతి కంటే ముందు తల ఎగిరిపోవడం ఆఖరిది. ఎదుట ఎవరూ లేకపోతే అదృష్టం.

ఇక తుప్పునే కోరుకునే కర్రల విషయం. పచ్చి ఉక్కు వెడ్జ్ కొన్నవాళ్లు కొద్ది వారాల్లో అది ఎర్రబడగానే కంగారుపడి తోమేస్తుంటారు. అది అలా రంగు మారడానికే చేసింది. కొందరికి ఎండలో తళతళలాడకుండా ఉండే ఆ మసక ముఖం ఇష్టం, కొందరికి చేతికి తగిలే మెత్తదనం ఇష్టం. పైపైన పట్టిన ఎర్రపొర ఆటను పాడుచేయదు. పొర మందమై పెచ్చులు లేస్తుంటేనే తోమాలి. ఉప్పుగాలిలో ఆ రెండిటికీ మధ్య ఎడం చాలా తక్కువ. అందువల్ల తీరప్రాంతంలో ఉండేవాళ్లు మోజు చంపుకుని పూత ఉన్నది కొనుక్కోవడమే నయం.

బంతి బురద

శుభ్రం చేయకూడని గరుకుదనం గురించి గోల్ఫ్‌కి ఒకటిన్నర శతాబ్దాల అనుభవం ఉంది. గట్టా పెర్చా బంతులు 1848 ప్రాంతంలో వచ్చినప్పుడు నున్నగా పోసేవారు. కొత్త బంతి గాలిలో వంకరగా కూలిపోయేది, కొట్టీ కొట్టీ గాట్లు పడ్డ పాత బంతి దూరంగా నిలకడగా వెళ్లేది. అది గమనించి కొత్త బంతుల మీదే సుత్తితో గాట్లు పెట్టడం మొదలెట్టారు. 1905లో విలియమ్ టేలర్ గుంటల బంతికి పేటెంట్ దరఖాస్తు చేశాడు. ఇవాళ్టి బంతి మీద మూడొందల నుంచి అయిదొందల దాకా గుంటలు ఉంటాయి. అవి బంతి వెంట గాలి పొరను పట్టి ఉంచి, వెనక లాగే ఒత్తిడిని తగ్గిస్తాయి. నున్నటి బంతి వీటితో పోలిస్తే దాదాపు సగం దూరమే పోతుంది.

ఒకవైపు గుంటల్లో బురద కూరుకుంటే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఒక పక్క గాలి ఒకలా, రెండో పక్క ఇంకోలా పారి బంతి దారి తప్పుతుంది. 2025 మేలో అమెరికాలోని క్వెయిల్ హాలోలో జరిగిన పీజీఏ చాంపియన్‌షిప్ తొలిరోజు ఇదే పెద్ద రచ్చ. ముందురోజుల వానకి మైదానం చిత్తడిగా ఉన్నా బంతిని ఎత్తి తుడుచుకునే వెసులుబాటు నిర్వాహకులు ఇవ్వలేదు. స్కాటీ షెఫ్లర్, జాండర్ షాఫ్లీ, రోరీ మెకిల్‌రాయ్ ఒకే బృందంలో ఆడుతూ పదహారో హోల్‌లో ముగ్గురూ డబుల్ బోగీ (నిర్ణీత దెబ్బల కన్నా రెండు ఎక్కువ) చేశారు. ఫెయిర్‌వే మధ్యలో చక్కగా కొట్టినవాడికి శిక్ష ఏమిటని షెఫ్లర్ బాహాటంగానే విసుక్కున్నాడు, ఆదివారం కప్పు అతనే ఎత్తుకున్నాడు. గ్రీన్ మీద బంతిని గుర్తుపెట్టి ఎత్తినప్పుడు ఎప్పుడైనా తుడుచుకోవచ్చు. మిగతాచోట్ల, తన బంతేనా అని చూడటానికో పగిలిందేమో చూడటానికో ఎత్తినప్పుడు మాత్రం చొక్కాకి రుద్దేసే అలవాటు ఒక స్ట్రోక్ జరిమానా తెస్తుంది.

కొందరు చెరువుల్లోంచి తీసి కడిగి అమ్మే బంతులు కొంటారు. పైకి తెల్లగానే ఉంటాయి. ఎక్కువ కాలం నీళ్లలో నానిన బంతి లోపలికి చెమ్మ దిగి దూరం తగ్గొచ్చు. నేర్చుకునేవాళ్లకి అవి చాలు.

ఇక్కడి ఇనుము

శ్రీకాకుళం జిల్లాకి ఆటల పేరు తెచ్చింది గోల్ఫ్ కాదు, మరో రకం ఇనుము. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలుచుకుంది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ ఆటలో బార్‌దీ గోల్ఫ్ కర్రదీ ఒకటే బెడద. పట్టు కోసం బార్ మీద చెక్కిన గరుకు గీతల్లో చేతులకు పూసుకునే తెల్లపొడి, చెమట, చర్మపు పొట్టు చేరతాయి. ఆ మెగ్నీషియం కార్బనేట్ పొడి చెమ్మ పట్టి ఉంచుతుంది, అక్కడే తుప్పు మొదలవుతుంది. పద్ధతిగా నడిచే వ్యాయామశాలల్లో సాధన అయ్యాక నైలాన్ బ్రష్‌తో ఆ గీతలు దులిపి, పల్చగా నూనె తుడిచి పెడతారు. చివర తిరిగే గొట్టాల్లో నూనె ఎండిపోతే బరువు తిరగాల్సిన చోట తిరగదు, ఆ మెలి మొత్తం మణికట్టు మీద పడుతుంది. మహిళల బార్ మందం 25 మిల్లీమీటర్లు, పురుషులది 28. తుప్పు పట్టి పెచ్చులు లేచిన బార్‌కి ఆ కొలత నిలవదు.

ఉద్దానం తోటల్లో ఇనుము కాపాడుకునే ఈ సంగతులు ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. కొబ్బరితోట నుంచి వచ్చిన కత్తి, పార, గునపం మట్టి కడగకుండా మూలన పడేస్తే పెద్దవాళ్ల చేత చీవాట్లే, «ఒరే, పార కడిగీసి పెట్టు» అని. ఆరిన అంచుకి ఇంట్లో ఉన్న కొబ్బరినూనె ఓ చుక్క. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు పడిపోయిన చెట్లను కోయడానికి రోజుల తరబడి పదునైన కత్తులే కావలసివచ్చాయి. పలాస జీడిపప్పు దేశమంతా తింటుంది గానీ గింజ పెంకులోంచి వచ్చే నల్లటి నూనె సంగతి తక్కువమందికి తెలుసు. చెయ్యి పొక్కించే ఆ నూనెనే పడవ చెక్కకి పురుగు పట్టకుండా, చెమ్మ దిగకుండా పూసేవారు. ఆ నూనె నుంచి తీసిన రసాయనాలు ఇవాళ ఓడల ఉక్కుకి వేసే తుప్పునిరోధక ఎపాక్సీ పూతల్లో కలుస్తున్నాయి. సముద్రపు ఉప్పుకి విరుగుడు ఆ తీరపు తోటలోనే కాస్తోందని చెప్పుకోవడానికి ఉద్దానానికి హక్కుంది.

ఇసుక రేణువు, అదనపు కర్ర

తెలుగు తల్లిదండ్రులకి పుట్టి ప్రపంచస్థాయికి ఎదిగిన గోల్ఫర్ సహిత్ తీగల. తల్లిదండ్రులది హైదరాబాదు, పుట్టింది 1997లో కాలిఫోర్నియాలో. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి గెలుపు అందుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టు చివర అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్ ఆడుతూ, మూడో హోల్ ఇసుక గుంటలో (బంకర్‌లో) కర్ర వెనక్కి తీసుకునేటప్పుడు దాని అంచు ఇసుకను తాకినట్టు అతనికి అనిపించింది. అది నిబంధనలకు విరుద్ధం, కానీ చుట్టూ ఎవరికీ కనపడలేదు. తనే అధికారులకు చెప్పి రెండు స్ట్రోక్‌ల జరిమానా వేయించుకున్నాడు. టోర్నీలో మూడో స్థానంతో ముగించాడు. కర్ర అంచుకి ఏం తగులుతోందో అంత సూక్ష్మంగా తెలియడం ఒక్కరోజులో వచ్చే విద్య కాదు.

సంచి సర్దడం కూడా కర్రల సంరక్షణలో భాగమే, దానికి నెలకోసారి పది నిమిషాలు పడుతుంది. అరలన్నీ బోర్లించి దులపాలి, అడుగున చేరిన ఇసుక, ఎండిన గడ్డి, చెమట తువ్వాలు బయటికి తియ్యాలి, జిప్పులకి మైనం రుద్దాలి, సంచిని ఖాళీగా నీడలో ఆరనివ్వాలి. తిరిగి పెట్టేటప్పుడు కర్రలు లెక్కపెట్టాలి. పద్నాలుగుకి మించకూడదు. ఈ హద్దును అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో పెట్టింది, మరుసటి ఏడాది సెయింట్ ఆండ్రూస్ కూడా అందుకుంది.

2001 జులైలో ఇంగ్లండ్‌లోని రాయల్ లైథమ్‌లో బ్రిటిష్ ఓపెన్ చివరిరోజున వేల్స్ ఆటగాడు ఇయాన్ వూస్నమ్ ఆ లెక్క తప్పాడు. ఆటకు ముందు సాధన మైదానంలో రెండు డ్రైవర్లు మార్చి మార్చి కొట్టి చూశాడు. అక్కర్లేనిది తీసెయ్యడం క్యాడీ మర్చిపోయాడు. లైథమ్‌లో మొదటి హోల్ చిన్నది, డ్రైవర్‌తో పనిలేదు, అందుకే ఎవరి కంటా పడలేదు. వూస్నమ్ అక్కడ బర్డీ (నిర్ణీత దెబ్బల కన్నా ఒకటి తక్కువ) కొట్టి ఆధిక్యంలో ఉన్నవాళ్ల సరసన చేరాడు. రెండో హోల్ టీ మీద డ్రైవర్ తియ్యబోతే సంచిలో రెండు కనిపించాయి. పదిహేను కర్రలు, రెండు స్ట్రోక్‌ల జరిమానా. సాయంత్రానికి విజేత డేవిడ్ డువాల్ కన్నా నాలుగు స్ట్రోక్‌లు వెనకబడి మూడో స్థానం పంచుకున్నాడు. క్యాడీని అప్పుడేమీ అనలేదు. రెండు వారాల తర్వాత స్వీడన్‌లో జరిగిన పోటీకి అదే క్యాడీ నిద్రలేచి రాకపోవడంతో ఉద్యోగంలోంచి తీసేశాడు.